నాన్నకి తెచ్చిన గొంతు

సియెన్‌ఫ్వెగోస్‌ ఊళ్ళో మధ్యాహ్నం పూట కరెంటు ఉందంటే పండగే. ఆ పండగ ముగిసేలోగా నాన్నకి గొంతు తెచ్చిపెట్టాలని యమిల్కా ఆరాటం. పక్షవాతం వచ్చాక ఆమె తండ్రి లియోవిహిల్దో నోట మాట లేదు. కుడిచేతి వేలితో కీబోర్డు మీద కొడితే కంప్యూటర్ పైకి చదివేది. అదీ మొరాయించింది. మొన్న కఫం అడ్డుపడి ఆయన ఉక్కిరిబిక్కిరైతే, వంటింట్లో ఉన్న కూతురికి వినపడనేలేదు. ఇంకోసారి అలాగైతే మనిషి దక్కడు.

చదివే ప్రోగ్రాం కొత్తది వేసి చూసింది. ‘ఒక భాగం దొరకలేదు’ అని తెర మీద అదే మాట.

“దొరకదు మరి,” అన్నాడు ఓస్నియెల్. వారం వారం డిస్కులో సినిమాలూ అప్‌డేట్లూ ఇంటింటికీ మోసుకొచ్చేది అతనే. “ఏళ్ళ తరబడి సిస్టమ్‌కి అప్‌డేట్ల మొహం చూపించకపోతే ఆ భాగం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? సీరియళ్ళు మాత్రం వారం తప్పకుండా ఎక్కించుకుంటావు!”

“తిట్టింది చాల్లే. నాకు ఇవాళ కావాలి.”

“ఈ డిస్కులో లేవు. వచ్చే వారం...”

“అప్పటిదాకా మా నాన్న ఉండాలిగా!”

ఓస్నియెల్ గొణుక్కుంటూ సంచీలోంచి ఇంకో డిస్కు తీశాడు. వీధి చివర ఒంటరిగా బతికిన ఎవెలియోది. ఆయన పోయిన సంగతి వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. అందులో కావలసిన అప్‌డేట్లన్నీ ఉన్నాయి. పోయినవాళ్ళ కంప్యూటర్లలోంచి బతికున్నవాళ్ళ వాటికి ఎక్కించుకోవడం ఆ ఊళ్ళో మామూలే. ఎవరూ రెండోసారి ఆలోచించరు.

ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఎక్కించారు. ఎర్రర్ పోయింది. నాన్న వేలు మెల్లగా కదిలింది.

“కాఫీ,” అంది కంప్యూటర్.

యమిల్కా ఏడ్చేసింది.

ఓస్నియెల్ వెళ్ళగానే వాన పట్టుకుంది. మబ్బుకి ఇల్లంతా మసకబారింది. వంటింట్లో కాఫీ పొంగుతోంది. కానీ కాఫీ వాసన రావడం లేదు. తడిసి కుళ్ళిన గుడ్డల్లాంటి వాసనేదో దాన్ని మింగేస్తోంది. నాన్న గదిలో ఏదో దబ్బున పడింది.

“నాన్నా, ఏమైంది?”

“బాగానే ఉన్నాను. రావద్దు.”

స్పీకర్లోంచి బదులొచ్చింది. ఎన్నాళ్ళకి నాన్న పలికాడు! ఆమె మనసు కుదుటపడింది. పంచదార కలుపుతూ నిలబడింది. మంచం కిర్రుమంది... మళ్ళీ... మళ్ళీ...

“నాన్నా?”

“రావద్దు. హాయిగా ఉంది.”

నాన్న వేలు అంత త్వరగా కొట్టగలిగేది కాదు.

కప్పు వదిలేసి పరిగెత్తింది. కీబోర్డు నేల మీద బోర్లా పడి ఉంది. నాన్న మొహం నీలమైపోయింది. కుడిచెయ్యి దుప్పటిని గుంజుతోంది. కళ్ళు గుమ్మం వైపే... ఎంతసేపట్నుంచి చూస్తున్నాయో...

ఆయన్ని పక్కకి తిప్పింది. వీపు మీద చరిచింది. నోట్లో వేళ్ళు పెట్టి లాగింది. “ఊపిరి తీసుకో నాన్నా... నీ కాళ్ళు పట్టుకుంటా... నన్ను వదిలెయ్యకు...”

గర్రుమని ఒక్క ఊపిరి. ఇంకొకటి. ఆమె ఆయన్ని లేపి గుండెకి హత్తుకుంది.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. ఎక్కడా చప్పుడు లేదు.

“రావద్దన్నానుగా...”

అదే గొంతు. ఈసారి స్పీకర్లోంచి రాలేదు. ఆమె భుజం మీద వాలిన నాన్న నోట్లోంచి, ఆ కుళ్ళు వాసనతో పాటు వచ్చింది.