మీటల కింద గొంతులు

మిట్టమధ్యాహ్నం... అయినా అంధకారం!

కారుమేఘాలు సూర్యబింబాన్ని దిగమింగి ఆకాశమంతా వ్యాపించాయి. ఉరుముల భీకర గర్జనకు కిటికీ అద్దాలు గజగజ వణుకుతున్నాయి. ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకుపై పట్టపగలే ఒక గుడ్లగూబ వికృతంగా కూసింది...

మూడో అంతస్తులోని చిన్న గదిలో సంగీతం టీచరు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కొయ్యబారిపోయింది.

కంపు... కుళ్ళిన మాంసపు కంపు! అది కొత్త కీబోర్డులోంచి వస్తోంది!

బడిలో పిల్లలకు పాటలు నేర్పే ఆమెకు, ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకోవాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. బాణీలు తనవి, గొంతు చెల్లెలిది. సన్నగా, తీయగా పాడుతుందని చెల్లెల్ని చిన్నప్పటినుంచీ అందరూ పిచ్చుక అనే పిలిచేవారు. కంప్యూటరూ, కీబోర్డూ, మైకూ వచ్చాయి గానీ ఏ తీగ ఎందులో గుచ్చాలో తెలియక అక్కాచెల్లెళ్ళు తల పట్టుకున్నారు. తీగలన్నీ కలిపిపెడతానంటూ అప్పుడొచ్చాడు తీగలాయన. ఏవో స్టూడియోల్లో పనిచేసి మానేసిన మనిషి.

వాణ్ణి చూడగానే టీచరుకు ఒళ్ళు జలదరించింది. పొడవాటి గోళ్ళ కింద నల్లటి మురికి... పెదవుల మూలల్లో ఎండిన నురగ... నోరు తెరిస్తే మురుగుకాలవ మూత తీసినట్టు దుర్గంధం! పని మాత్రం చకచకా చేశాడు. సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. చాలాసేపు గది తలుపు వేసుకుని కీబోర్డునీ, మైకునీ, స్పీకర్లనీ కంప్యూటరుకు కలిపాడు.

"మీట నొక్కితే శబ్దం రావట్లేదేంటండీ?" అంది టీచరు.

"ఇది మిడీ కీబోర్డమ్మా. ఏ మీట నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో కంప్యూటరుకి చెప్తుంది, అంతే. దీనికి సొంత గొంతు లేదు." వాడు గారపళ్ళు ఇకిలించాడు. "ఎవరి గొంతు పోస్తే ఆ గొంతు!"

పరీక్ష కోసమంటూ పిచ్చుక చేత మైకులో ఒక ఆలాపన తీయించాడు. ఆమె పాడుతున్నంతసేపూ పెదవులు నాక్కుంటూ నిలబడ్డాడు. మిగతా పనికి మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

మర్నాటికే పిచ్చుక మాట పడిపోయింది. మంచం పట్టింది. దగ్గితే గొంతులోంచి వెంట్రుకలు! తడిగా, జిగటగా, చీము కారుతూ... టీచరు పట్టుకుని లాగితే చుట్టలు చుట్టలుగా తెగకుండా వస్తూనే ఉన్నాయి! డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, ఏమీ లేదని పంపేశాడు.

ఇప్పుడు, ఈ కంపు మధ్య, టీచరు కీబోర్డు మీద ఒక మీట నొక్కింది.

స్పీకర్లలోంచి పిచ్చుక గొంతు... "అక్కా!" అని మూలిగింది!

పక్క మీట నొక్కింది. మరో స్త్రీ ఆర్తనాదం. ఆ పక్కది... ఎవరిదో ముసలి ఏడుపు!

ఆమె స్క్రూడ్రైవరుతో మరలు ఊడదీసి కీబోర్డు మూత తెరిచింది. ప్రతి మీట కిందా ఒక నల్లటి తోలుముక్క, వెంట్రుకలతో కుట్టి ఉంది. తోలు కాదు... నాలుకలు! ఎండి, ముడుచుకుపోయి, పురుగులు లుకలుకలాడుతున్న మనుషుల నాలుకలు! స్పీకరు వెనక చెక్క ఊడబెరికితే, రాగితీగతో దవడలు బిగించిన కపాలం! టీచరు గోడ పట్టుకుని భళ్ళున కక్కేసింది.

"చూసేశావా?"

గుమ్మంలో తీగలాయన! వాడి నోటి చివర్ల నురగ తాజాగా పొంగుతోంది.

"నీ చెల్లెలి గొంతు వచ్చేసింది. ఇంక ప్రాణం కూడా లాగేస్తే నా వాద్యం పూర్తవుతుంది. ఇన్ని ప్రాణాలు నా చేతికింద ఉంటే ఆ యముడు కూడా నా గుమ్మం తొక్కడు! అడ్డొచ్చావో, నీ నాలుకా అక్కడే!"

"ఛీ! మనిషివేనా నువ్వు? నా చెల్లి జోలికి రాకు!"

వాడు కర్ణకఠోరంగా మంత్రం జపిస్తూ మీటల మీద గోళ్ళు దించాడు. పక్కగదిలోంచి పిచ్చుక గాల్లో తేలుతూ వచ్చింది... తెల్లగుడ్లు, వేలాడే తల, గడ్డం మీదుగా కారే నల్లటి జిగురు! నోరు తెరిచింది. వచ్చింది ఆమె గొంతు కాదు. ఏదో ముసలామె గొంతు!

"టీచరమ్మా... వీడు మమ్మల్ని విడివిడిగా కట్టేశాడు. ఒక్కొక్కళ్ళమే అయితే వీడి మాట వినాల్సిందే. అందర్నీ ఒక్కసారి పాడనివ్వు తల్లీ!"

"నోర్ముయ్ ముసలిదానా!" వాడి ముఖం పాలిపోయింది.

టీచరు కంప్యూటరు తెర వైపు చూసింది. వరసగా ట్రాకులు... ఒక్కో గొంతుకు ఒక్కో ట్రాకు. ఏ మీట నొక్కితే ఆ ట్రాకే పలుకుతోంది, మిగతావన్నీ మ్యూట్‌లో మూగగా ఉన్నాయి! ఆమె మౌసు అందుకుని ఒక్కో ట్రాకునూ విప్పసాగింది. వాడి గోళ్ళు ఆమె మణికట్టులో దిగబడ్డాయి, రక్తం చిమ్మింది! అయినా చెయ్యి తియ్యలేదు. ఆఖరి ట్రాకు కూడా విప్పి, మోచేత్తో ప్లే మీట మీద గుద్దింది.

ఒక్కసారిగా... మహానాదం!

వాడు హింసించి దాచిన కంఠాలన్నీ ఒక్క కంఠమై ఎగసిపడ్డాయి. ఉరుములు వెలవెలబోయాయి. ఏ మంత్రానికైనా పుట్టిల్లయిన నాదశక్తి ముందు వాడి మంత్రం నీరుగారిపోయింది. పళ్ళు పటపటా రాలాయి. నాలుక ఉబ్బి నోరంతా నిండి, వాడి అరుపును వాడికే కుక్కింది. కళ్ళలోంచి, చెవుల్లోంచి జిగట వెంట్రుకలు బుసబుసా పొంగి ఒళ్ళంతా చుట్టేశాయి. ఎముకలు ఫెళఫెళా విరిగాయి... చివరకు నేల మీద మిగిలింది ఒక బుడగలు కక్కే నల్లటి ముద్ద! అదీ కాసేపటికి నీరై, చప్పుడు లేకుండా ఇంకిపోయింది.

పిచ్చుక దబ్బున కింద పడింది. దగ్గింది. ఈసారి వెంట్రుకలు రాలేదు.

"అక్కా... నీళ్ళు..."

బొంగురు గొంతు, అయినా తనదే! టీచరు చెల్లెల్ని గుండెలకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నీళ్ళు తాగించి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. తర్వాత ఉతికిన తెల్లగుడ్డ ఒకటి పరిచి, కీబోర్డు ముందు కూర్చుని, కుట్లు ఒక్కొక్కటే తెంపుతూ ఆ నాలుకల్ని వేళ్ళతో తీసి గుడ్డలో పెట్టసాగింది.

"ఛీ! ఉత్తి చేతుల్తో ముట్టుకుంటావేంటే?" అంది పిచ్చుక.

టీచరు ఇంకో కుట్టు తెంపింది. "పాడినవేగా పిచ్చుకా..." అని, అంటుకున్న పురుగును వేలితో మెల్లగా తుడిచేసింది.