కెలమంగలం కీమ్యాన్

కృష్ణగిరి బస్టాండు. ఆ ఊరికి రైలే లేదు. రైలు రహస్యాలు మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

"నీలం ఉందాప్పా?" అడిగింది ఏజెంట్ నాగజ్యోతి.

"నీలం అయిపాయె. బెంగుళూరా ఉంది," అన్నాడు మామిడికాయల బుట్ట ముందు కూర్చున్న చీఫ్ కోదండరామయ్య.

కోడ్ సరిపోయింది. ఆమె పక్కనే కూలబడింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో మోకాళ్లు అరిగిపోయాయి.

"హోసూరు లైన్‌కు రాష్ట్రం వాటా పెట్టింది. కొత్త పట్టాలు, కొత్త కోచ్‌లు. రేపు పదికి ట్రయల్ రన్. ఆ బండిని పడగొట్టాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. పడితే రాష్ట్రం వెనక్కి పోతాది, పని వాళ్ల కంపెనీకి పోతాది," అన్నాడు చీఫ్.

"ట్రయల్ ఆపేస్తే?"

"రుజువు లేకుండా ఆపితే వాళ్ల పని మనమే చేసినట్టు."

"నా కూతురు రక్షిత ఆ కోచ్‌లోనే ఉంటాది సార్. కుదుపులు కొలిచే ఇంజనీరు."

"తెలుసమ్మా. అందుకే నిన్ను పిలిచినాను. మిగతావాళ్లకు బయపడేది సరిగ్గా రాదు."

మర్నాడు ఉదయం తొమ్మిది. హోసూరు ప్లాట్‌ఫారం మీద నాగజ్యోతి బాగలూరు చామంతులు అమ్ముతోంది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో దివ్యశ్రీ వచ్చింది. కోచ్‌ల లోపలి డిజైన్ ఆమెదే. ముఠాలో ఉంటూ ఏడాదిగా డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు అందిస్తున్న డబుల్ ఏజెంట్.

"మూడో కోచ్. సీటు కింద బాంబు," అంది పూలు ఏరుతూ.

బాంబు స్క్వాడ్ అంతా కోచ్‌లలో పడింది. రెండుసార్లు వెతికినా ఏమీ లేదు.

"మెడలో పాస్ యాడ పాపా?" దివ్యశ్రీని అడిగింది నాగజ్యోతి.

"నేను బండెక్కడం లేదు ఆంటీ. తలనొప్పి."

నాగజ్యోతి లెక్క వేసుకుంది. రెండేళ్లు కష్టపడి చేసిన బండి ఎక్కే రోజున తలనొప్పా? అందరి కళ్లూ కోచ్‌ల మీదే ఉన్నాయి. పట్టాల మీద ఎవరివీ లేవు.

"దివ్యశ్రీని వదలద్దు సార్," అంది ఇయర్‌పీస్‌లో.

"రుజువు?"

"తలనొప్పి."

"చాలదమ్మా."

బండిని పడగొట్టడానికి అనువైన చోటు కెలమంగలం మలుపే. పూలబుట్టతోనే ఆటో ఎక్కింది. అక్కడ దిగేసరికి పది. రోజూ లైన్ వెంట నడిచి పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్ కనిపించాడు. చొక్కా, సుత్తి, సంచి, అన్నీ అసలువే. ఈ పట్టా క్లిప్పు మీద ఒక దెబ్బ, ఆ పట్టా క్లిప్పు మీద ఒక దెబ్బ వేస్తూ నడుస్తున్నాడు.

ఆమె ఆగిపోయింది. తండ్రి వీరప్ప ముప్పై ఏళ్లు కీమ్యాన్. పోయేటప్పుడు ఒక పట్టా, తిరిగి వచ్చేటప్పుడు రెండోది చూసేవాడు. రెండింటి మీదా కన్నేస్తే వదులైంది తప్పిపోతుందనేవాడు. ఈ మనిషి చూడడం లేదు. పట్టాను పట్టి ఉంచే క్లిప్పులు ఊడగొడుతున్నాడు.

"ఏమప్పా, కొత్తగా వచ్చినావా?"

"అవునమ్మా. పక్కకు పో."

"వక్కాకు ఏసుకో," అని నడుముకున్న చిన్న సంచి తెరిచింది. అందులోని మత్తు స్ప్రే ముఖాన పడగానే అతను కూలిపోయాడు.

నలభై క్లిప్పులు ఊడి ఉన్నాయి. ఇయర్‌పీస్‌లో సిగ్నల్ లేదు. వాడి సంచిలోంచి ఎర్రజెండా, మూడు డెటోనేటర్లు తీసింది. పట్టా మీద పెడితే చక్రం కింద పేలి డ్రైవర్‌ను హెచ్చరించేవి అవి. హోసూరు వైపు పరుగెత్తింది. అడుగడుక్కీ బోల్తాపడిన కోచ్, దాని కింద రక్షిత చెయ్యి కళ్లకు కట్టాయి. కిలోమీటరు దాటాక మూడింటినీ పట్టాకు బిగించి జెండా ఎత్తింది. రైలు వచ్చేసింది.

మూడు పేలుళ్లు. బ్రేకులు కీచుమన్నాయి. కోచ్‌లు ఆమెను దాటి సాగి సాగి, ఊడిన మొదటి క్లిప్పుకు పది అడుగుల ముందు ఆగాయి.

జెండా పొదలో పడేసి, కుంటుకుంటూ బండి దగ్గరికి వెళ్లేసరికి ఇయర్‌పీస్ పలికింది. హోసూరులో కారెక్కబోతున్న దివ్యశ్రీని పట్టుకున్నారు.

కోచ్‌లోంచి రక్షిత దూకింది. తల్లి పోస్టాఫీసు గుమాస్తా అనే ఆమెకు తెలుసు.

"అమ్మా, ఈడేం చేస్తా ఉండావు? ఆటోలో నా వెనకే వచ్చినావా?"

"రైలుకేమన్నా అవుతాదేమోనని..."

"ఆఫీసోళ్ల ముందర నా మానం తీస్తా ఉండావు. ఇంటికి పోమ్మా."

నాగజ్యోతి తల వంచుకుంది. ఇన్నేళ్లలో ఇంత గట్టి మారువేషం డిపార్ట్‌మెంట్ ఒక్కటి కూడా ఇవ్వలేదు.