వెడల్పుగా కోసిన వల

గాజు గదిలో పైడితల్లి పడుకుని ఉంది. చేతికి సన్నటి గొట్టం, దాని అవతల బీరువా అంత మెషీన్. దాని పేరు ‘తోడు’. పేరు చల్లగానే ఉంది, పనే ఎలా ఉంటుందోనని విశాఖ తీరమంతా చెవులు కొరుక్కుంటున్న రోజులవి.

పిల్ల నుదుటి మీద తెల్లజుట్టు పాయ ఒకటి ఉంది. తండ్రి కొండయ్యదీ అలాంటిదే. మిగతాదంతా తల్లి పోలికే. వాడలో వాళ్ళు అపశకునమంటారని తల్లి నూకరత్నం రోజూ దానికి కాటుక రాసి కప్పేది. పిల్లేమో చాటుకెళ్ళి తుడుచుకుని, నాన్న పాయని అద్దంలో చూసుకుని మురిసిపోయేది.

కొండయ్య గుండె కండరం సడలిపోయే జబ్బుతో పోయాడు. అదే ఇప్పుడు పిల్లకి వచ్చింది.

“డీఎన్ఏ తెగితే కణం ఊరుకోదమ్మా,” అంది ల్యాబ్ పెద్ద డాక్టర్ హైమ. “పక్కనే అలాంటి పోగు ఇంకొకటి ఉంటే, దాన్ని చూసి తెగినచోట మళ్ళీ రాసుకుంటుంది. హోమోలోగస్ రికాంబినేషన్ అంటాం. పిల్ల కణాల్లో ఒక పోగు మీది, ఒకటి మీ ఆయనది. జబ్బు ఆయన పోగులో ఉంది. ‘తోడు’ ఒంట్లో ప్రతి కణంలోనూ అక్కడ తెంపి, మీ పోగు చూసి రాయిస్తుంది.”

“వల బాగుసేసినట్టేనండి. పక్క కన్ను సూసి అల్లుతాం,” అంది నూకరత్నం. ఆమె బతుకుతెరువు అదే.

“అంతే. జబ్బున్నంత మేరే రాయిస్తే, కొంచెం మిగిలిపోవచ్చు. ఇంకాస్త దూరం రాయిస్తే ఆ భయం లేదు. కానీ ఆ మేరలో మీ ఆయన పోలికలు ఏమున్నా పోతాయి. ఏమున్నాయో చూసి చెప్పమంటారా?”

“సిరుగు కాడే అతుకేస్తే సముద్రంలో తొలి యేటకే పోతాదమ్మా. బాగున్న కాడికి కోసీసి అల్లుతాం మేం. ఎడల్పుగానే కోసీండి. పిల్ల బతికితే సాలు.”

పిల్ల బతికింది. ఇసుకలో పరుగులు తీసింది. నూకరత్నం సంబరంగా సింహాచలం తీసుకెళ్ళి, మొక్కు ప్రకారం గుండు చేయించింది. తెల్లపాయ కూడా కత్తి కింద పడింది. జుట్టేగా, మళ్ళీ వస్తుందిలే అనుకుంది.

వచ్చింది. నుదుటి మీద వెంట్రుకలు కనబడగానే నూకరత్నం అలవాటుగా కాటుక భరిణె తీసింది. పిల్ల అప్పటికే అద్దం ముందు నిలబడి ఉంది.

“అప్పుడే రాసీసినావా అమ్మా? ఒక్కపాలి తుడిసీ. నాన్నది సూసుకుంటాను.”

నూకరత్నం చేతిలోకి చూసుకుంది. భరిణె మూత ఇంకా తీయనే లేదు. చీర కొంగు తడిపి, పిల్ల నుదుటి మీది నల్ల వెంట్రుకల్ని తుడుస్తూ కూర్చుంది.