రోడ్డు మీదికొచ్చిన మెట్లు

"ఏమండీ, రోడ్డుకి జాకెట్టు కుట్టిస్తున్నారా?"

వెనక్కి తిరిగి చూశాను. స్కూటీ మీద ఒకమ్మాయి. సన్నగా జల్లు పడుతోంది. ఆమె తడుస్తోంది కానీ, ముందు పెట్టుకున్న జావా పుస్తకానికి మాత్రం పాలిథిన్ కవరు తొడిగింది. నేను వీధికి అడ్డంగా లాగిన కొలత టేపు సరిగ్గా ఆమె ముందు చక్రానికి ఆనుకుని ఉంది.

"ఒక్క నిమిషం ఆగండి మేడమ్. రీడింగ్ తీసుకుంటున్నాను."

"అక్కడ క్లాసు నిండా జనం నా కోసం ఎదురుచూస్తున్నారు. మీరు నిదానంగా తీసుకోవచ్చు లెండి, రోడ్డు ఎక్కడికీ పోదు."

మామూలుగా నాకు మాటలు ఆపుకోవడమే కష్టం. కానీ ఆమె తడిసిన ముంగురులు వెనక్కి తోసుకుంటూ నన్ను చూస్తోంటే, చేతిలో టేపు ఎందుకుందో కూడా ఒక క్షణం గుర్తు రాలేదు.

నా పేరు తారక్. ఆర్కిటెక్చర్ పాసై కాకినాడ నుంచి వచ్చి, పంజాగుట్టలో చక్రపాణి గారి ఆఫీసులో జూనియర్‌గా చేరాను. ఆ రోజుల్లో అమీర్‌పేటలో రాయి విసిరితే జావా నేర్చుకునేవాడికో, నేర్పేవాడికో తగిలేది. ఇళ్ళు కట్టే కోర్సు చేసి వచ్చానంటే నన్ను అందరూ కాస్త జాలిగా చూసేవారు. అందుకే ఎవరైనా నా పని గురించి అడిగితే చాలు, నాకు పూనకం వచ్చేది.

ఆమె అడిగింది.

"ఇంతకీ ఎందుకు కొలుస్తున్నారు?"

"ఇరవై నాలుగు!" అని రీడింగ్ పైకి చదివి, అరచేతి మీద రాసుకుని, గొంతు సవరించుకున్నాను. "ఎదురుగా జోగారావు గారి పాత ఇల్లుంది చూశారా? దాన్ని కొట్టేసి కింద షాపులు, పైన ఐదంతస్తుల ఫ్లాట్లు కడతారు. ఇది రెసిడెన్షియల్ వీధి కదా, కమర్షియల్‌గా మార్చమని మున్సిపాలిటీలో అప్లికేషన్ పెట్టాం. ప్లాన్ గీసింది మేమే."

ఆ 'మేమే'ని కాస్త ఒత్తి పలికాను. నేను అందులో గీసింది కారు పార్కింగ్ మాత్రమే.

ఆమె మొహం మారిపోయింది. "ఐదంతస్తులా? మరి మా మేడ మీదికి ఎండ ఎలా వస్తుంది?"

ఆమె చూపించిన ఇల్లు నా వెనకాలే ఉంది. గేటు మీద 'వసుమతి లేడీస్ హాస్టల్' అని బోర్డు. మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకి తాళ్ళు, తాళ్ళ నిండా చుడీదార్లు.

"అమ్మ హాస్టలండీ అది. అమీర్‌పేటలో హాస్టళ్ళకేం తక్కువ? ఎండా గాలీ ఉన్నాయనే అమ్మాయిలు మా దగ్గరికొస్తారు. అవే లేకపోతే మా దగ్గర ఎవరుంటారు?"

నేను అప్పుడు నోరు మూసుకుని టేపు చుట్టుకుంటే ఈ కథ లేదు.

"అభ్యంతరం ఉంటే రాసివ్వచ్చండీ. హియరింగ్ పెట్టి వింటారు. కానీ ఎండ, గాలి అంటే ఎవరూ పట్టించుకోరు. రోడ్డు వెడల్పు మీద కొట్టాలి. అంత ఎత్తు కట్టాలంటే రోడ్డు ముప్ఫై అడుగులుండాలి కదా! పైగా వీధిలో వాళ్ళందరి సంతకాలూ పెట్టిస్తే..."

మున్సిపల్ ఆఫీసులో ఏ అంతస్తులో ఇవ్వాలో, రసీదు అడిగి తీసుకోవడం మరిచిపోకూడదనీ కూడా చెప్పాను. ఆమె బుద్ధిగా విన్నది.

"ఇందాక ఎంతన్నారు? ఇరవై నాలుగా?"

"అవును."

"థాంక్స్ సార్," అని టేపుని పైకెత్తి, దాని కింద నుంచి స్కూటీ పోనిచ్చింది. వీధి మలుపు తిరిగాక గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

తర్వాతి వారం చక్రపాణి గారు పిలిచారు. ఆయన బల్ల మీద ఒక ఆబ్జెక్షన్ కాపీ ఉంది. కింద 'మంజూష' అని గుండ్రటి సంతకం, దాని వెనక వీధి మొత్తం సంతకాలు.

"ఈ అమ్మాయి ఎవరోగానీ గట్టి పిండమయ్యా. రోడ్డు కొలతతో సహా రాసింది. ఇవన్నీ ఎవరు చెప్పుంటారంటావు?"

నేను ఫ్యాన్ వైపు చూశాను. ఫ్యాన్ తిరుగుతోంది.

"పాత లేఔట్‌లో రోడ్డు ముప్ఫై అనే ఉంది. ఆ ఆరడుగులూ ఎటు పోయాయో వెళ్ళి చూసి రా."

వెళ్ళాను. చూశాను.

మొదటిసారి నేను టేపు కొక్కెం తగిలించింది వసుమతి గారి మెట్లకే. ఎర్రటి మెట్లు, రోజూ కడిగి ముగ్గు వేసిన మెట్లు. అవి గేటు దాటి మూడడుగులు రోడ్డు మీదికి దర్జాగా వచ్చి కూర్చున్నాయి. ఎదురుగా జోగారావు గారి ప్రహరీ గోడ కూడా అంతే ముందుకొచ్చింది. మంజూష రోడ్డు వెడల్పు అని పట్టుబట్టిందంటే, ముందు పగిలేవి వాళ్ళమ్మ మెట్లే.

"ఎవరు బాబూ?" అంటూ వసుమతి గారే బయటికొచ్చి, వానకి తడిసిపోయి ఉన్నానని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మెట్లు బాగున్నాయన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఇదివరకు మెట్లు దక్షిణం పక్క ఉండేవి. మా ఆయన పోయాక హాస్టల్ పెడితే ఒక్క పిల్ల చేరితే ఒట్టు! సిద్ధాంతి గారొచ్చి, గుమ్మం తూర్పుకి తిప్పి మెట్లు పెట్టించమన్నారు. పెట్టించిన నెలకల్లా రూములన్నీ నిండిపోయాయి."

"ఆ నెలలో వచ్చింది సిద్ధాంతి గారొక్కరే కాదమ్మా," లోపలి నుంచి మంజూష గొంతు వినిపించింది. "అమీర్‌పేటకి సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది."

"నువ్వూరుకో. ఈ మెట్లు లేకపోతే మనం లేం."

ఆవిడ ఆ మాట ఎంత నమ్మకంగా అన్నారంటే, నేను చెప్పాల్సింది కాఫీతో పాటు మింగేశాను.

ఆ తర్వాత కొలతల పేరుతో చాలాసార్లు వెళ్ళాను. ఆ వీధిలో నేను కొలవనిదేమీ మిగల్లేదు. చివరికి కరెంటు స్తంభం చుట్టుకొలత కూడా తీశాను.

"స్తంభం లావైందా?" అని అడిగింది మంజూష, మేడ మీద నుంచి.

"కొంచెం."

"మీ ప్లాన్ పాస్ కాదు. ఇంకెన్నాళ్ళు తిరుగుతారు?"

"పాస్ కాకపోయినా తిరుగుతానండీ."

ఆమె నవ్వు ఆపుకోవడానికి ఆరేసిన దుపట్టా వెనక్కి వెళ్ళింది. దుపట్టా ఊగుతూనే ఉంది. నాకు ఆ సాయంత్రం నుంచి అన్నం సహించలేదు. ఆమెని ప్రేమిస్తున్నానని నాకు తెలిసిపోయింది. ఆమె వేసిన కేసులో అవతలి పక్షం నేనేనని కూడా తెలుసు.

హియరింగ్ ముందు రోజు సాయంత్రం ఆమె జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్ గేటు దగ్గర నిలబడ్డాను. వాన మొదలైంది. ఆమె గొడుగు విప్పుతూ నన్ను చూసి, "ఇక్కడేం కొలవడానికొచ్చారు?" అంది.

"మంజూష గారూ, రేపు రోడ్డు వెడల్పు సంగతి ఎత్తకండి."

"ఎందుకట?"

"మీ మెట్లు రోడ్డు మీదున్నాయండీ. వెడల్పు లెక్క తీస్తే ముందు వాటినే కొట్టేయమంటారు."

గొడుగు సగంలో ఆగిపోయింది. ఆమె కళ్ళల్లో నవ్వు పోయింది.

"అంటే మేం వెనక్కి తగ్గకపోతే మెట్లు పగలగొట్టిస్తారా? మీ జోగారావు గారు పంపించారా?"

"అయ్యో, కాదండీ! మీకు చెప్పకుండా ఉండలేక..."

"అమ్మ చేతి కాఫీలు తాగింది ఇందుకన్నమాట. చెప్పేశారుగా. రేపు అక్కడ కూడా చెప్పండి."

ఆ రోజు స్కూటీ తెచ్చుకోలేదు, షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నేను వానలో అలాగే నిలబడ్డాను. నా మంచితనం మీద నాకే చిరాకేసింది.

మర్నాడు మున్సిపల్ ఆఫీసు హాలు కిక్కిరిసిపోయింది. వీధి వీధంతా వచ్చింది. హాస్టల్ అమ్మాయిలు వెనక బెంచీల మీద సర్దుకున్నారు. వసుమతి గారు పట్టుచీర కట్టుకొచ్చారు. మంజూష నా వైపు చూడనే లేదు. హియరింగ్ ఆఫీసర్ మెహబూబ్ సాబ్ కళ్ళద్దాలు తుడుచుకుని బల్ల మీద చేత్తో తట్టారు.

"జర ఒక్కొక్కలు మాట్లాడున్రి. గిది హియరింగ్, సబ్జీమండి కాదు."

మంజూష లేచింది. ఎండ, గాలి, నీళ్ళు, డ్రైనేజీ అన్నీ చెప్పింది. రోడ్డు వెడల్పు సంగతికొచ్చేసరికి ఒకసారి వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత అదీ చెప్పింది.

"రోడ్డు ఎవలు కొలిసిండ్రు?" అన్నారు మెహబూబ్ సాబ్.

"మావాడే సార్. చెప్పవయ్యా," అన్నారు చక్రపాణి గారు.

లేచి నిలబడ్డాను. "ఇరవై నాలుగడుగులు సార్."

"ప్లాన్‌ల ముప్పై ఉన్నది గద. ఆరడుగులు యాడికి పోయినయ్?"

ఎదురుగా వసుమతి గారు. ఆవిడ రెండు చేతులూ ఒడిలో బిగించుకుని నన్నే చూస్తున్నారు. కూతురు ఆవిడకేమీ చెప్పలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

"తెలీదు సార్."

"కొలిసినోనివి నువ్వే, తెల్వదంటవేంది? గిట్లయితే రేపటి సంది నువ్వు సంతకం పెట్టిన ప్లాన్ నేనెట్ల నమ్మాలె?"

చక్రపాణి గారు నన్ను కొరకొర చూశారు. నేను నేల చూపులు చూస్తున్నాను.

"ఆయనకి తెలుసు సార్."

మంజూష గొంతు. హాలంతా అటు తిరిగింది.

"నాకు నిన్ననే చెప్పారు. అందులో మా హాస్టల్ మెట్లున్నాయి. మా కోసం తెలీదంటున్నారు. నేను నిన్న ఆయన్ని అనుమానించాను. ఆయన మాట పోవడం నాకిష్టం లేదు సార్. మా మెట్లు తీసేయండి."

"మంజూ!" అన్నారు వసుమతి గారు.

మెహబూబ్ సాబ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇన్నేండ్ల నౌకరిల ఇది సూడలే భాయ్. ఆబ్జెక్షన్ పెట్టినోల్లే ఆల్ల మెట్లు తియ్యమంటుండ్రు!"

అంతవరకు నాకు లేని ధైర్యం ఎక్కడి నుంచో వచ్చింది.

"సార్, మెట్లు మూడడుగులే. మిగతా మూడడుగులు మా పార్టీ జోగారావు గారి ప్రహరీ గోడ. స్థలం నలుచదరంగా ఉండాలని సిద్ధాంతి గారు ముందుకు జరిపించారట. ఇద్దరికీ సిద్ధాంతి ఒక్కరే సార్."

హాలంతా గొల్లుమంది. చక్రపాణి గారు మాత్రం నవ్వలేదు.

"బస్, అయిపాయె," అన్నారు మెహబూబ్ సాబ్, తను కూడా నవ్వుతూనే. "మెట్లు లోపటికి, గోడ లోపటికి. కమర్షియల్‌కు నేను సిఫారస్ చెయ్య. అందరు వద్దంటుండ్రు గద. మూడంతస్తుల ఇండ్లు కట్టుకోండ్రి, ముందర జాగ ఇడిసి. గా ఆడపిల్లల బట్టలకు ఎండ సుత తగలాలె."

బయట ఆఫీసు పోర్టికో మెట్ల మీద వాన తగ్గేదాకా అందరం ఆగాల్సి వచ్చింది. మంజూష నా పక్కకొచ్చి నిలబడింది.

"అబద్ధం ఆడటం మీకు బొత్తిగా రాదు. చెవులు ఎర్రబడిపోయాయి."

"మీరు లేచి చెప్పకుండా ఉంటే మెట్లు మిగిలేవి."

"మీరు మిగిలేవారు కాదుగా," అని చటుక్కున అనేసి వాన వైపు తిరిగిపోయింది. ఈసారి ఎర్రబడ్డవి ఆమె చెవులు.

వసుమతి గారు మాత్రం నాతో ఒక్క మాటే అన్నారు. "మెట్లు పోతే హాస్టల్ పోతుంది బాబూ." ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. కళ్ళు తుడుచుకున్నారు.

"తూర్పు గుమ్మం అక్కడే ఉంటుందండీ. మెట్లు మాత్రం గేటు లోపలికి తిప్పి కట్టిస్తాను. నన్ను నమ్మండి."

ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

చక్రపాణి గారు నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. మూడంతస్తుల ప్లాన్ మొత్తం నన్నే మళ్ళీ గియ్యమన్నారు. "ఆ మెట్లు కూడా నువ్వే గియ్యి. దారిన పోయేవాళ్ళకి రూల్స్ మాత్రం చెప్పకు," అన్నారు.

మెట్లు కొట్టేసిన మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. కొత్తవి ఇంకా కట్టలేదు. గుమ్మం నేలకి నాలుగడుగుల ఎత్తున గాల్లో ఉన్నట్టుంది. హాస్టల్ అమ్మాయిలు స్టూలు వేసుకుని కేరింతలు కొడుతూ దిగుతున్నారు. ముందు రోజు మధ్యాహ్నం ఇద్దరు కొత్త పిల్లలు అదే స్టూలెక్కి వచ్చి రూము అడిగారట. వసుమతి గారు ఆశ్చర్యపోయి రాత్రంతా అదే చెప్పారట.

అందరూ వెళ్ళాక మంజూష గుమ్మంలో నిలబడింది. నీలం రంగు చీర, చేతిలో పుస్తకాలు.

"స్టూలుందిగా, దిగండి," అన్నాను.

"అది కదులుతోంది."

పొద్దున్నుంచి హాస్టలంతా దిగిన స్టూలు అది. బండలా ఉంది. నేను దాన్ని మెల్లగా పక్కకి జరిపేశాను.

"దూకితే పట్టుకుంటారా?"

"పట్టుకుంటాను. కానీ ముందే చెబుతున్నా, వదలను. మీరంటే నాకు చాలా ఇష్టం మంజూష గారూ. పెళ్ళంటూ చేసుకుంటే మిమ్మల్నే."

"ఆ మాటేదో మొదట్లోనే చెబితే స్తంభాలు కొలిచే శ్రమ తప్పేదిగా," అంది. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు. "నాకూ ఇష్టమే. జాగ్రత్త, పుస్తకాలు బరువు," అని దూకేసింది.

పుస్తకాలు కింద పడ్డాయి. ఆమె పడలేదు.

"బాగుంది," అని పైనుంచి వినిపించింది. ఇద్దరం ఉలిక్కిపడి ఎడంగా జరిగాం. గుమ్మంలో వసుమతి గారు, చేతిలో కూరగాయల సంచి. ఎంతసేపటి నుంచి ఉన్నారో!

"దాన్ని దింపావు, సరే. నన్నెవరు దింపుతారు?"

"స్టూలు వేస్తానండీ," అన్నాను కంగారుగా.

"కదులుతోందన్నారుగా ఇందాక." ఆవిడ సంచి భుజాన వేసుకుని, కొంగు బిగించుకుని, కిందికి చెయ్యి చాపారు. "నువ్వే చెయ్యివ్వు, అల్లుడూ."

ఇచ్చాను.