వంతెన మీద గోలీల చప్పుడు

డార్లీన్ ఉతికిన బట్టలు వేరు చేస్తోంది. మనవరాలి గౌన్లు, మేజోళ్లు ఒక బుట్టలో, గరాజ్‌లో వాడే ఎర్ర గుడ్డలు ఇంకో బుట్టలో. ఎన్నిసార్లు ఉతికినా ఆ గుడ్డల్లోంచి ఆయిల్ వాసన పోదు. ఒకటి మడిచి రెండోదానికి చెయ్యి చాపేసరికి వెనక గరాజ్‌లో పాత పాంటియాక్ కారు స్టార్టయింది. అల్మరాలోని గాజు గ్లాసులు ఒకదానికొకటి తగులుకుని గణగణలాడాయి.

బల్ల దగ్గర పాలలో కార్న్‌ఫ్లేక్స్ తింటున్న మూడేళ్ల జూనీ చెంచా వదిలేసి రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆమె పక్కనే పాత కాఫీ డబ్బా ఒకటి ఉంది. అందులో గోలీలు. తాత గరాజ్‌లోంచి తెచ్చుకున్న ఆ డబ్బా లేకుండా ఆ పిల్ల ఎక్కడికీ కదలదు.

"మొదలెట్టాడు," అంటూ కూతురు కోరీన్ అట్టపెట్టెతో మెట్లు దిగింది. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి వచ్చింది, ఇంకా పడుకోలేదు. "నిరుటి సైలెన్సర్లకే పక్కింటి ఇర్మా పోలీసుల్ని పిలుస్తానంది. ఇవి వాటికి తాతల్లా ఉన్నాయి."

"పాపం, ఏప్రిల్ అంతా వాన కోసం ఎదురుచూశాడే. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కడుక్కుపోయాక ఇవాళే మొదటిసారి బయటికి తీయడం."

"నాన్నని వెనకేసుకు రాకమ్మా. ఈ పెట్టెలు ఎవరివల్ల సర్ది నా కారులో పెడుతున్నానో తెలుసుగా నీకు?"

డార్లీన్ మడిచిన గుడ్డనే విప్పి మళ్లీ మడిచింది.

విడాకులయ్యాక కోరీన్ కూతురిని తీసుకుని బే సిటీలోని ఈ పుట్టింటికే వచ్చింది. ఆమె డ్యూటీకి వెళితే జూనీని తల్లి చూసేది, తల్లి చర్చికి వెళితే తండ్రి చూసేవాడు. అలా జరిగిపోతోందనుకుంటుండగా మొన్న బుధవారం వచ్చింది. ఆ రోజు డార్లీన్ చర్చి నేలమాళిగలో పియెరోగీలు అనే ఉప్పు కజ్జికాయలు ఒత్తడానికి వెళ్లింది. జూనీ లోపల నిద్రపోతోంది. తాత లెస్టర్ గరాజ్‌లో పని చేసుకుంటున్నాడు. పిల్ల లేస్తే వినపడేలా చిన్న స్పీకరు ఒకటి అతని పక్కనే పెట్టారు. జూనీ లేచి స్నానాలగదిలోకి వెళ్లింది, గడియ పడిపోయింది. గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది. చివరికి దొడ్లో మొక్కలకు నీళ్లు పోస్తున్న ఇర్మా ఆ ఏడుపు విని పరుగెత్తుకొచ్చింది.

"స్పీకరు పక్కనే ఉందిగా నాన్నా?" అని కోరీన్ నిలదీస్తే లెస్టర్ నేల చూపులు చూస్తూ, "సౌండు తగ్గించాను. కార్బ్యురేటర్ సరిచేస్తున్నా, అడ్డంగా ఉందని," అన్నాడు.

ఆ ఒక్క మాటతో అయిపోయింది. రేపు ఆదివారం కోరీన్ గ్రాండ్ రాపిడ్స్ వెళ్లిపోతోంది. అక్కడ తోటి నర్సు ఇంట్లో ఒక గది, దగ్గరలోనే పిల్లల బడి.

ఇంజన్ ఆగింది. లెస్టర్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ముప్పయ్యేళ్లకు పైగా కార్ల ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో కారు తలుపులకు రేకులు ఒత్తిన మనిషి, భుజాలు ఇంకా బండల్లా ఉంటాయి.

"ఎలా ఉందే, రాణీ, బండి చప్పుడు?" అని మనవరాలిని అడిగాడు, అరిచినంత గట్టిగా.

"పెద్దగా ఉంది!" అంది జూనీ.

అతను పిల్ల పెదాలు చూసి నవ్వాడు. తర్వాత కూతురి చేతిలోని పెట్టె చూశాడు. నవ్వు చెదిరింది.

"కోరీ, ఒక్క రౌండు వస్తావా? ఇంజన్‌లో కొత్త క్యామ్ వేశాను. టైమింగ్ ఇవాళ పొద్దున్నే పెట్టాను. వంతెన దాటి బేకరీకి వెళ్లి రొట్టె తెచ్చేద్దాం."

"నాకు చాలా పనుంది."

"వెళ్లిరావే," అంది డార్లీన్ నెమ్మదిగా. "మళ్లీ ఎప్పుడు కూర్చుంటావో అందులో."

కోరీన్ పెట్టెను నేల మీద దబ్బున పడేసి చెప్పులు వేసుకుంది.

*

ముదురాకుపచ్చ రంగు పాంటియాక్, పంతొమ్మిది వందల అరవై తొమ్మిది నాటి బండి. తుప్పుపట్టిన గుల్లగా ఇంటికి వచ్చిన దాన్ని లెస్టర్ ఒక్కో శీతాకాలం ఒక్కో భాగం చొప్పున నిలబెట్టాడు. ముందు చక్రాలకు మంచి బ్రేకులు, తర్వాత గేరుపెట్టె, తర్వాత ఇంజన్. కోరీన్ చిన్నప్పుడు శనివారాలన్నీ ఆ బండి పక్కనే గడిచాయి. ఆమె పని దీపం పట్టుకోవడం.

ఇంజన్‌లో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో అందరూ టైమింగ్ లైటు పెట్టి చూసుకుంటారు. లెస్టర్ మాత్రం ఆ రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి వేసి, తల ఒక పక్కకు వంచి, వింటూ తిప్పేవాడు. వాళ్ల ఫ్యాక్టరీ వాళ్లంతా, "లెస్టర్ చెవికి చూపించుకొస్తాం," అంటూ తమ బళ్లు తోలుకొచ్చేవాళ్లు. నిప్పు తొందరపడితే ఏమవుతుందో కూతురికి చెప్పడానికి అతను కాఫీ డబ్బాలో గోలీలు పోసి ఆడించాడు. "ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌లోంచి ఈ చప్పుడు వచ్చిందో, తక్షణం కాలు తీసెయ్యాలి. లేదంటే పిస్టన్లు తినేస్తుంది." ఇప్పుడు జూనీ ఆడుకునేది ఆ డబ్బాతోనే.

ఊళ్లోంచి వెళుతున్నంతసేపూ కోరీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నది మీది పెద్ద వంతెన ఎత్తు మొదలైంది. లెస్టర్ పై గేరులోనే ఉండి పెడల్ తొక్కాడు.

గలగల.

సైలెన్సర్ల హోరు కింద సన్నగా, రేకు డబ్బాలో గోలీలు ఆడించినట్టు.

కోరీన్ తల తిప్పింది. తండ్రి ఇప్పుడే కాలు తీస్తాడని చూసింది. తియ్యలేదు. అతని ముఖం ప్రశాంతంగా ఉంది. కొత్త క్యామ్ ఎలా లాగుతోందో చూడమన్నట్టు ఆమె వైపు కనుబొమలు ఎగరేశాడు. గోలీలు ఇంకా గట్టిగా కదిలాయి. అతను ఇంకా తొక్కాడు.

"నాన్నా, కాలు తియ్," అంది ఆమె, మామూలు గొంతుతో.

అతను రోడ్డు చూస్తున్నాడు.

"నాన్నా."

అతను తల తిప్పలేదు. కోరీన్ చెయ్యి చాపి అతని మోకాలు పట్టుకుంది. అతను ఉలిక్కిపడి కాలు తీశాడు. చప్పుడు ఆగిపోయింది.

వంతెన దిగాక పడవలు దింపే చోట సైగ చేసి ఆపించింది.

"ఏమైందే?"

"నువ్వు చెప్పు ఏమైందో. ఇంజన్ గోల పెడుతోంది. వంతెన మొదట్నుంచీ."

"పెట్రోలు బాగాలేదేమో..."

"పెట్రోలు సంగతి కాదు. నువ్వు విన్నావా, లేదా?"

లెస్టర్ స్టీరింగ్ మీది తోలును బొటనవేలితో రుద్దాడు. తన మాట వినడానికి అతను తన పెదాల వైపే చూడాల్సి వస్తోందని కోరీన్ అప్పుడు గమనించింది. ఎన్నాళ్లుగా ఇలా చూస్తున్నాడు? ఏడాదికేడాది సైలెన్సర్ల మోత ఎందుకు పెరుగుతోందో, ఫోను మోగితే అమ్మే ఎందుకు పరుగెత్తుతుందో, ఒక్కొక్కటీ ఆమెకు అర్థమవుతూ వచ్చింది.

"బుధవారం నాడు స్పీకరు సౌండు తగ్గించలేదు కదూ?"

అతను తల అడ్డంగా ఊపాడు. "పూర్తిగా పెంచే ఉంది. నా మోచేతి పక్కనే. దాని ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూనే ఉండి ఉంటుంది. నేను బానెట్ లోపలికి వంగి ఉన్నాను."

"మరి తగ్గించానని ఎందుకు చెప్పావ్? ఈ మూడు రోజులూ నిన్ను ఎన్ని మాటలన్నాను! పిల్లకంటే నీకు ఇంజనే ఎక్కువని మొహం మీదే అన్నాను. నోరు మూసుకుని పడ్డావు!"

"పడ్డాను. నిర్లక్ష్యం చేశాననుకుంటే తిడతావు, నాలుగు రోజులు మాట్లాడవు, తర్వాత క్షమిస్తావు." అతను ఆమె వైపు తిరిగాడు. "చెవిటివాడినని తెలిస్తే పిల్లని మళ్లీ ఎప్పటికీ నా చేతికివ్వవు. దానికి క్షమాపణ లేదుగా, కోరీ."

ఆమెకు కోపం, ఏడుపు కలిసే వచ్చాయి. కారు దిగి, తలుపు ధడాలున వేసి, నీళ్ల అంచు దాకా నడిచింది. కాసేపటికి వెనక్కి వచ్చి అతని కిటికీ ముందు నిలబడింది, తన పెదాలు కనపడేలా.

"స్పానర్ ఉందా?"

అతను డిక్కీలోంచి తెచ్చాడు. బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, ఇంజన్ నడుస్తుండగా దాని మీద చెయ్యి వేశాడు. తల ఒక పక్కకు వంచబోయి ఆగిపోయాడు. ఆమె ముఖం వైపు చూశాడు.

"కొంచెం వెనక్కి," అంది కోరీన్. "ఇంకొంచెం. ఆ... ఉండు. ఎక్కువైంది. ఇటు. చాలు!"

అతను బోల్టు బిగించి ఇంజన్ ఆపాడు. తర్వాత తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆ బండిని అతను ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు, సొంత తమ్ముడికి కూడా. తిరుగు దారిలో ఆమె వంతెన మీద కావాలనే గట్టిగా తొక్కింది. ఎక్కడా గోలీలు లేవు. ఇద్దరికీ రొట్టె సంగతి గుర్తు రాలేదు.

*

"నీకు ముందే తెలుసమ్మా," అంది కోరీన్ వంటగదిలోకి వస్తూనే.

డార్లీన్ కాఫీ పోస్తున్న చెయ్యి ఆపింది. కూతురి ఎర్రబడ్డ కళ్లు, భర్త వంచిన తల చూసింది. బుట్ట పక్కన కుర్చీలో కూలబడింది.

"మేరీమాత పటం ముందు ఒట్టు వేయించుకున్నాడే. నేనేం చెయ్యను? వినపడని ప్రతి మాటా నేనే రెండోసారి చెబుతూ నెట్టుకొచ్చాను. నేనూ లేనప్పుడు ఏమవుతుందో ఆలోచించలేదు."

"ఆలోచించాల్సిందమ్మా. మీ ఇద్దరి పరువు కోసం నా పిల్ల తలుపు వెనక ఏడ్చింది."

"ఇవాళ పదకొండింటికి చెవుల డాక్టరమ్మ దగ్గర టైము తీసుకున్నాను. ఇది మూడోసారి. రెండుసార్లు రానన్నాడు." డార్లీన్ భర్త వైపు తిరిగి, ప్రతి మాటా విడమర్చి అంది. "పదకొండింటికి, లెస్టర్."

"నేను పోను." అతను వాళ్లకు ఎదురుగా, గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాడు. "చెవుల్లో ఆ బఠాణీ గింజల్లాంటి మిషన్లు పెట్టుకుని మా వాళ్ల మధ్యకెళ్లాలా? లెస్టర్ చెవి పోయిందటరా అని ఊరంతా చెప్పుకోవాలా? నాకు కనపడుతుంది, చేతికి అదురు తెలుస్తుంది. చాలు నాకు."

"టైమింగ్ లైటు కొనిస్తేనే, చెవి ఉండగా దీపమెందుకని నవ్విన మనిషివి," అంది డార్లీన్. "ఇంక నీతో ఏం వాదించను?"

"నాన్నా, నా వైపు చూడు," అంది కోరీన్. "నిజం చెప్పావు. ఇన్నాళ్లూ నిన్ను తప్పుగా అనుకున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. కానీ నువ్విలాగే ఉంటే జూనీని ఒంటరిగా నీ దగ్గర వదలను. వదల్లేను. రేపు వెళ్లిపోతాను. నీ మీద కోపంతో కాదు, భయంతో."

లెస్టర్ ఏదో అనబోయాడు.

అప్పుడే అతని వెనక గుమ్మంలోకి జూనీ వచ్చింది. చేతిలో కాఫీ డబ్బా.

"తాతా!" అని పిలిచింది.

అతను కదల్లేదు. పిల్ల ఒక నిమిషం చూసింది. తర్వాత డబ్బాను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఆడించింది. గోలీలు గలగలమన్నాయి. "తాతా! తాతా, చూడు!"

డార్లీన్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. కోరీన్ కళ్లలోంచి నీళ్లు జారాయి. ఆ ఇద్దరి చూపులు తన మీద లేవని, తన వెనక ఎక్కడో ఉన్నాయని లెస్టర్‌కి అర్థమైంది. మెల్లగా వెనక్కి తిరిగాడు.

జూనీ అప్పటికి పిలవడం మానేసింది. డబ్బాను గుండెకు హత్తుకుని, పెదవి వంచి, తాతని అలుగుతూ చూస్తోంది. తాత తనతో ఆడటం లేదనుకుంది.

లెస్టర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. డబ్బా అందుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. మళ్లీ ఆడించాడు. అతని అరచేతిలో గోలీలు కదులుతున్నాయి. ముఖంలో ఏమీ కదల్లేదు. డబ్బాను పిల్ల చేతిలో పెట్టి, ఆ చిన్న వేళ్లను తన చేతులతో మూశాడు.

లేచి కొక్కేనికి ఉన్న టోపీ తీసుకున్నాడు. దాని పక్కనే కోరీన్ తగిలించిన పాంటియాక్ తాళాలు వేలాడుతున్నాయి. వాటిని ముట్టుకోలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్లాడు.

గడియారంలో పదకొండు కావస్తోంది. కోరీన్ కిటికీ దగ్గరకు వెళ్లింది. అతను ఎండలో మెరుస్తున్న పచ్చ బండిని దాటుకుని నడిచాడు. కూతురి చిన్న కారు దగ్గర ఆగి, డ్రైవరు పక్క సీటులోని అట్టపెట్టె తీసి జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. ఆ సీటులో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఇంటి వైపు చూశాడు.