జరీ ఏరియల్

అండాలు టీవీని కడుపుకు హత్తుకొని లోపలి అర్రలోకి వచ్చింది. చిన్న టీవీయే, కానీ పదేళ్ల పిల్లకు బరువే మరి.

"ఏందే, ఇల్లు మారుస్తున్నవా?" మంచం మీది నుంచి అవ్వ శ్యామలమ్మ అడిగింది. కాలు విరిగి ఆమె మంచం పట్టి నెల దాటింది. ముందరి అర్రంతా బాపు మగ్గమే. అవ్వ మంచానికి అక్కడ జాగా లేదు.

"ఇయ్యాల్టి సినిమా గీడనే చూస్తవు. నిన్న చెప్పిన గద," అంది అండాలు.

మాటైతే ఇచ్చింది గానీ, ఏరియల్ వైరు లోపలి అర్ర దాకా అందదు. అందుకని టీవీ వెనకున్న కడ్డీని చివరిదాకా లాగింది. తెరంతా చుక్కలే. కడ్డీని చేత్తో పట్టుకుంటే మనుషులు లీలగా కనిపించారు. వదిలితే మాయం.

కడ్డీ పట్టుకొని వెనక నిలబడితే తనెప్పుడు చూడాలి? దానికి పొడుగాటి తీగేదైనా కట్టాలి. జరీ అంటే పట్టు దారానికి చుట్టిన వెండి తీగని బాపు ఒకసారి చెప్పాడు. ఇంకేం కావాలి! నారాయణపేట పిల్లకు గాక ఇంకెవరికి తోస్తుందీ ఉపాయం?

బాపు దుర్గయ్య చాయ తాగడానికి పోయాడు. మగ్గం మీద పెండ్లి చీర ఉంది. కొంగు ఒక్కటే మిగిలింది. రేపు పొద్దున్నే పెండ్లివాళ్లు వచ్చి తీసుకుపోతారు. అండాలు ఆ కొంగు జరీ చుట్టిన కండెను తెచ్చి, కొస కడ్డీకి కట్టి, మిగతాది కిటికీ ఊచలకు చుట్టింది.

తెర మీద సగం తలకాయ వచ్చింది.

"ఎవరిదే గా తల?" అంది అవ్వ.

చెప్పేలోపే అది పోయింది. అండాలు జరీని సర్దబోయింది. అది ఊచకు ఇరుక్కుంది. గట్టిగా గుంజింది. జరీ పటుక్కున తెగి, కుప్పగా చిక్కుపడింది. ఆ కుప్పను, కండెను లంగా ఒడిలో దాచుకుంది.

అంతలో బాపు వచ్చాడు. పెట్టెలో, చాప కింద, మగ్గం గుంటలో కండె కోసం వెతికాడు.

"నా మతి పాడుగాను, యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు," అన్నాడు. "గీ రంగు జరీ ఊర్ల ఎవ్వరి దగ్గర లేదు. చీర గాలేదని పెండ్లోల్లకు చెప్పొస్త."

అవ్వ అండాలు దిక్కే చూస్తోంది. తప్పు తనదైతే బాపు తనను తాను తిట్టుకుంటున్నాడు. అండాలుకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

"నేనే తీసిన బాపూ," అని ఒడి విప్పింది.

దుర్గయ్య ఆ కుప్పను చేతిలోకి తీసుకొని చూశాడు. "నన్నడిగితే రాగి వైరు తెచ్చిస్తుంటి గద బిడ్డా," అన్నాడు. "తెగిన కాడ నేను ముడేసుకుంట. చిక్కైతే ఇయ్యాలనే ఇప్పాలె."

అండాలు అవ్వ మంచం మీద కుప్పను పరిచి కూర్చుంది. చీకటి పడుతుండగా పక్కింటి నుంచి పాట వినిపించింది. స్నేహితురాలు ఖమర్ కిటికీ దగ్గరికొచ్చింది.

"సినిమా మొదలైంది, మా ఇంటికి రా అండాలూ."

"పో బిడ్డా, నేనిప్పుతుంట," అంది అవ్వ.

"నీకు కొస కనవడది అవ్వా." అండాలు కిటికీ వైపు తిరిగింది. "నువ్వు పోయి చూడు ఖమర్. నాకు పనున్నది."

కొస దొరికింది. తెగకుండా మెల్లగా లాగి, కండెకు చుట్టడం మొదలుపెట్టింది. పక్కింట్లో అందరూ గొల్లున నవ్వారు. అండాలు తలెత్తలేదు.