జి-ఏ-ఓ-ఎల్ అంటే జైలు

ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో, పట్టపగలు, అంత జనం మధ్య నిఘా సంస్థ ఏజెంట్ వరుణ్‌ని కాల్చి చంపారు. అతనితో ఉన్న కొత్త ఏజెంట్ హరితని ఆ గందరగోళంలో ఎవరి కంటా పడకుండా ఎత్తుకుపోయారు. మర్నాడు ఆఫీసుకి ఆమె ఫోన్ నుంచి ఇంగ్లీషులో మెసేజ్: ఒంట్లో బాగాలేదు, సెలవు కావాలి, ఈ హాస్టల్ జైల్లా ఉంది.

"జైలుకి స్పెల్లింగు చూశారా, లీలావతి గారూ?" అన్నాడు చీఫ్ భీమేశ్వరరావు. "జి, ఏ, ఓ, ఎల్."

చూడకేం! ఆ పిల్లకి ట్రైనింగిచ్చింది తనేగా. అప్పట్లో బోర్డు మీద ఆ మాట రాసి, "గోల్ అని చదివేవు! పలకడం జైలే, అర్థమూ జైలే. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు ఇలా రాసేవారు. ఇప్పుడు పాత కోర్టు కాగితాల్లోనో, ఆస్ట్రేలియాలో పాత జైళ్ల బోర్డుల మీదో తప్ప కనబడదు. నువ్వు రాశావంటే శత్రువు చేతికి చిక్కావని అర్థం చేసుకుంటాం" అని చెప్పింది. హరిత అప్పుడు పకపకా నవ్వింది.

"ఆ ఫోన్ సిగ్నల్ వసంత్ కుంజ్‌లో ఇషిత ఫ్లాట్‌ది," అన్నాడు చీఫ్. ఇషిత పార్టీల్లో మెరిసే అందగత్తె, మన జీతం తింటూ విదేశీ ముఠాకి అమ్ముడుపోయిన డబుల్ ఏజెంట్. లీలావతి మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. "ఫ్లాట్ ఓ విదేశీ దౌత్యవేత్త పేరు మీదుంది. హరిత లోపల ప్రాణాలతో ఉందని రుజువు లేందే తలుపు బద్దలుకొట్టలేం. సాయంత్రం ఫ్లైట్‌కి ముఠా ఎగిరిపోతుంది. సాక్షిని మాత్రం బతకనివ్వరు."

"ఇవాళ శ్రావణ శుక్రవారం సార్," అంటూ లేచింది లీలావతి.

మధ్యాహ్నానికి పట్టుచీర, చేతిలో బుట్ట, కుంకుమ భరిణెలో మైక్. ఇషిత ఫ్లాట్ బయట మెట్ల మీద కమాండోలు చెవులొగ్గి కూర్చున్నారు.

"కౌన్?" తలుపు సగమే తీసింది ఇషిత.

"కింద ఫ్లోర్ నుంచమ్మా. తెలుగువాళ్లని విన్నాను. వాయనం తెచ్చాను, కాదనకూడదు."

"సారీ ఆంటీ, ఐ యామ్ బిజీ."

"నిమిషం పట్టదు తల్లీ," అంటూ లోపలికి జొరబడింది లీలావతి. కొంగు సర్దుకుని గొంతెత్తింది. "ఇస్తినమ్మ వాయనం!"

"థాంక్యూ ఆంటీ," అని ఇషిత చెయ్యి చాపింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. ఆ పిలుపుకి బదులు పలకాలని ఆమెకెవరు చెప్పారు గనక!

"ఇస్తినమ్మ వాయనం!" ఈసారి ఇల్లు దద్దరిల్లింది.

లోపలి బాత్రూమ్‌లో హరిత ఆ గొంతు పోల్చుకుంది. అరిస్తే చంపుతామన్నారు. అయినా అమ్మ కొంగు పట్టుకుని పేరంటాలకి తిరిగిన పిల్ల, బొంగురు గొంతుతో బదులు పలికింది.

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

మైక్‌లో అదే రుజువు. కమాండోలు లేచారు. లీలావతి అప్పటికే పరుగెత్తి బాత్రూమ్ తలుపు తన్నింది. లోపల ఒకడు విషం సిరంజి హరిత మెడ మీదికి దించుతున్నాడు. భరిణెడు కుంకుమా వాడి కళ్లలో కొట్టింది. సిరంజి జారి నేలమీద పడింది. హాల్లో ఇషిత చేతులకి సంకెళ్లు పడ్డాయి.

కట్లు విప్పగానే హరిత "వరుణ్..." అని భోరుమంది. లీలావతి కూడా ఏడ్చింది. కాసేపటికి బుట్టలోంచి గుప్పెడు శనగలు తీసి ఆమె చేతిలో పోసింది.

"తిను. నిన్నట్నుంచి ఏం పెట్టారో ఏమో."

హరిత వెక్కుతూనే నమిలింది.

"ఉప్పెయ్యడం మర్చిపోయారు మేడమ్."

"వంకలు పెడుతున్నావంటే," అని కళ్లు తుడుచుకుంది లీలావతి, "బతికినట్టేలే."